ఆరని రాయి

"వడియాల గుడ్డ మీద రేకు ముక్కలు పెట్టొద్దన్నానా అత్తయ్యా?"

"గాలికెగిరిపోతే మీ బాబొచ్చి ఏరతాడేటే?" అంటూ కామమ్మ నాలుగో మూల కూడా ఒక ముక్క పెట్టింది. "బరువుకి రాయైతే ఏటి, రేకైతే ఏటి?"

సత్యలక్ష్మి నాలుగు ముక్కలూ తీసేసి ఇటుక ముక్కలు పెట్టింది. డాబా మీది కుళాయి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కుంది. అది చూసి కామమ్మకి ఇంకా మండింది.

"మైలపడినట్టు ఏటా కడుగుడు? నువ్వు కాపురానికి రాకముందునించీ ఆ రేకుల కిందే పాలు పితికి బతికినోళ్ళం!"

పాత పశువులశాల పడగొట్టాక పన్నెండు సిమెంటు రేకులు డాబా మీద ఓ మూలకి చేరాయి. రేపు పొద్దున్న తాపీమేస్త్రీ కొండబాబు మిషను తెచ్చి వాటిని కోసి, ఇక్కడే ఓ గది కప్పుతాడు. తొమ్మిదో తరగతి చదివే చిన్మయికి ఆ గది ఇస్తానని సత్యలక్ష్మి భర్త గణేశ్వరరావు ఏడాదిగా కూతుర్ని ఊరిస్తున్నాడు. రేకు కోస్తే లేచే పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మరి బయటికి రాదని సత్యలక్ష్మి పేపర్లో చదివింది. భర్తకి చూపించింది కూడా. "నర్సీపట్నంలో సగం ఊరు రేకుల కిందే పడుకుంటోందే" అని ఆయన నవ్వేశాడు.

కిందికి దిగాక ఆమెకి కాలు నిలవలేదు. తుడిచిన వంటగట్టే మళ్ళీ తుడిచింది. ఎవరింట్లోదో డ్రిల్లు చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడి కిటికీ మూసింది. చివరికి డిగ్రీ రోజుల ఇంగ్లీషు నిఘంటువు దించి, ఆ రేకుల్లో కలిపే రాతినార పేరు వెతికింది: ఆస్‌బెస్టాస్. సగం నిఘంటువు చెప్పింది, మిగతా సగం ఫోను చెప్పింది.

గ్రీకు మాట. ఆరనిది అని అర్థం. ఆ పేరు మొదట ఈ రాయిది కాదు, కాల్చిన సున్నానిది. నీళ్ళు పోస్తే ఏ వేడైనా చల్లారాలి, సున్నం మాత్రం బుస్సుమని ఉడుకుతుంది. కోటవురట్లలోని పుట్టింట్లో వెల్ల వేసే ముందు నాన్న సున్నం తడుపుతుంటే పిల్లలందరూ దూరంగా నిలబడి చూసేవారు. గ్రీసులో ఇప్పటికీ సున్నానికి ఆ పేరే ఉందట. ఒక రోమన్ పండితుడు పొరబాటున ఆ పేరు తెచ్చి, కాలని రాతినారకి తగిలించాడు. ఆ నారతో నేసిన గుడ్డలు మాసిపోతే మంటలో వేసి శుభ్రం చేసేవారట. తర్వాత ఇంగ్లీషువాళ్ళు, ఒకసారి అంటుకుంటే ఎన్నటికీ ఆరని మాయరాయి ఒకటి ఎక్కడో ఉందని నమ్మి, దాన్నీ ఈ పేరుతోనే పిలిచారు.

చదివిన కొద్దీ ఆమెకి కుదురు పోయింది. ఇన్ని వందల ఏళ్ళూ అందరూ మంట సంగతే చూశారు. పొడి సంగతి ఎవరూ అడగలేదు.

నాలుగింటికి కొండబాబు కొలతలకి వచ్చాడు. మెట్ల మీద రెండు చోట్ల ఆగి దగ్గాడు.

"ఎన్నాళ్ళనుంచి ఈ దగ్గు?" అంది సత్యలక్ష్మి.

"రెండేళ్ళమ్మా. దుమ్ము పని కదా. కోసినప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకుంటానులెండి."

"ఆ తువ్వాలు?"

"మా మంగ దులిపి ఉతుకుద్ది. దానికీ ఇదే దగ్గు." నవ్వాడు. "మొగుడూపెళ్ళాలం ఒకే తాళమమ్మా!"

భుజం మీది తువ్వాలు తీసి పై రేకు తుడిచి, టేపు పరిచాడు. తర్వాత అదే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వడియాలు తిరగేస్తున్న కామమ్మ చెయ్యి ఆగిపోయింది. కాసేపు అతన్నే చూసింది. తర్వాత లేచి, కుళాయి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది.

రాత్రి భోజనాల దగ్గర గణేశ్వరరావు పులుసు కలుపుకుంటూ అడిగాడు. "కొలతలయ్యాయా?"

"అయ్యాయి. రేకుల పనికి రావద్దని చెప్పాను."

"ఏటీ?"

"మెట్ల పక్క పిట్టగోడ కడతాడు రేపు. అతని రోజుకూలీ పోదు."

చిన్మయి కంచంలోంచి తలెత్తింది. "మరి నా గది?"

గణేశ్వరరావు తల్లి వైపు చూశాడు.

"నాకేసి సూడకు" అంది కామమ్మ. "కోడలేటి సెప్తే అదే."

సత్యలక్ష్మి కూతురి కంచంలో ఇంకో వడియం వేసింది. "మా పడగ్గది నీది, రేపట్నించే. నేనూ నాన్నా హాల్లో పడుకుంటాం. ఆ రేకులు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. ఈ ఇంట్లో వాటినెవరూ కొయ్యరు."