దీనమ్మ మార్చుకున్న దారి

నలభై ఆరేళ్ల వయసులో దీనమ్మ సైకిలు నేర్చుకుంది. 1997లో టీచరైన ఆమెను, వాళ్లుండే భీమవరానికి తొమ్మిది కిలోమీటర్ల పడమర, రొయ్యల చెరువుల మధ్య ఉన్న తిప్పపాడు బడికి బదిలీ చేశారు. బస్సు రోజుకు రెండుసార్లే, అదీ బడి వేళకు రాదు. ఆమె భర్త చిట్టియ్య పోస్టుమేన్‌గా పనిచేసి ఆ ఏడే రిటైరయ్యాడు. వేసవి సెలవుల్లో చర్చి వెనక ఖాళీ స్థలంలో సీటు పట్టుకుని వెనకే పరిగెత్తి నేర్పించాడు.

నేర్పడం ఒక ఎత్తు, దారి చూడడం ఒక ఎత్తు. తారురోడ్డు మీద రొయ్యల లారీల నుంచి ఐసు నీళ్లు కారి చక్రం జారుతుంది. అందుకని చిట్టియ్య వారం రోజులు సరిగ్గా బడి వేళకు బయల్దేరి, ఒక్కో దారీ తొక్కి చూశాడు.

"మనది పల్లం. వంతెనలు తప్ప ఎక్కేదేం లేదు. చూసుకోవాల్సింది పడమటి గాలే," అన్నాడు అన్నం తింటూ. "కాలవగట్టు మీద కొబ్బరితోటలు గాలిని ఆపుతాయి. కుక్కల బెడద లేదు. కిలోమీటరు ఎక్కువైనా అదే మంచిది."

"సరేనండి," అంది దీనమ్మ.

సెప్టెంబరులో ఒక సాయంత్రం పెద్ద వాన కురిసింది. ఆరైనా ఆమె ఇంటికి రాలేదు. చిట్టియ్య గొడుగు తీసుకుని, తన సైకిలెక్కి గట్టు పొడుగునా వెతుక్కుంటూ బడిదాకా వెళ్లాడు. బడికి తాళం వేసి ఉంది.

"పంతులమ్మ గారు రోజూ చెరువుల పక్కనున్న పేట మీదుగానే కదండీ వెళ్తారు," అన్నాడు ఎదురు కొట్టులోని ఏసురాజు.

చిట్టియ్య అటు తిరిగాడు. చెరువుల పక్కన మోకాటి లోతు బురద. సైకిలు మోసుకుంటూ పేట చేరేసరికి, ఒక తాటాకింటి గోడకు దీనమ్మ సైకిలు ఆనించి ఉంది. ఆమె అరుగు మీద కూర్చుని ఒక పిల్ల చేత లెక్కలు చేయిస్తోంది. పక్కన ఆ ఇంటి జ్ఞానమ్మ.

"ఇక్కడున్నావేంటి?"

"వాన వెలుస్తుందేమోనని ఆగానండి."

"గట్టు దారి ఏమైంది?"

"మీరు చూసింది మంచి దారేనండి. రెండు వారాలు వెళ్లాను, ఒక్క మనిషి కనిపించలేదు. ఒకరోజు ఇటు వస్తే, హాజరుపట్టీలో పేరుండి బడికి రాని పిల్లలు నలుగురు ఎదురయ్యారు. రొయ్యలు వలిచే షెడ్డుకి వెళ్తున్నారు."

"అప్పట్నుంచి మేడం గారు పొద్దున్నే మా గుమ్మం ముందు ఆగుతారండి," అంది జ్ఞానమ్మ. "మా పిల్లని షెడ్డుకి పంపడం మానేశానండి."

చిట్టియ్య భార్య వంక చూశాడు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"వారం రోజులు ఎండలో తిరిగి చూసిన దారి. వద్దనడానికి నోరు రాలేదండి."

వాన తగ్గాక ఇద్దరూ బయల్దేరారు. వంతెన దగ్గర ఆయన సైకిలు దిగి, "ఆ బురదలో పడితే కాలు విరుగుతుంది," అని మాత్రం అన్నాడు.

మర్నాడు చెరువుల యజమాని శ్రీనివాసరాజు గారింటికి వెళ్లాడు. ముప్పయ్యేళ్లు ఉత్తరాలిచ్చిన ఇల్లే. కాఫీ తాగి, సంగతి చెప్పి, మీ ఇటుకబట్టీలో మిగిలిన ముక్కలు ఇప్పించమన్నాడు. రాజుగారు రెండు ట్రాక్టర్ల ముక్కలు పంపించారు. పేటవాళ్లు, చిట్టియ్య కలిసి రెండు రోజుల్లో వాటిని పేట దారిలోని బురద మీద పరిచేశారు.

ఆ శనివారం దారి చూద్దామని ఆయన కూడా వెంట వెళ్లాడు. చెరువుల దగ్గర ఎదురుగాలి తోసేస్తోంది.

"నా వెనకాలే రా, గాలి తగలదు," అన్నాడు.

"మీరే నా వెనక రండి. మీకు ఆయాసం," అంది దీనమ్మ. పేటలో పిల్లలు ఆరుగురు సంచులు తగిలించుకుని ఆమె పక్కనే పరుగందుకున్నారు. ఇటుక ముక్కల మీద టైర్లు గరగరలాడుతుంటే ఆమె వాళ్లతో మాట్లాడుతూ ముందుకు వెళ్లిపోయింది.

చిట్టియ్య చేరేసరికి బడిలో ప్రార్థన మొదలైంది. ఆయన గేటు బయటే నిలబడి, ముఖం తుడుచుకుంటూ, అయ్యేదాకా విన్నాడు.