మా ఇంట్లో అనకూడని మాట

మా ఆడపడుచు ఆస్టేరియా నోరు మంచిదని మా ఊరు మహెంగేలో ఎవరూ అనరు. కానీ బిడ్డను పెద్ద డాక్టరుకు చూపించే రోజు మాట్లాడాల్సింది మేనత్తే. మా ఇంటి ఆనవాయితీ అది. కన్నతల్లి పక్కన కూర్చుని తల ఊపాలి. నేను ఊపాను. ఆ తలను ఇప్పటికీ గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

మా సివేమాకు అప్పుడు ఐదేళ్లు. ఏడాదిగా ఉన్నట్టుండి కళ్లు తేలేసి పడిపోయేది, కాళ్లూ చేతులూ కొట్టుకునేది, నోట నురగ వచ్చేది. ఒళ్లు మాత్రం చల్లగా ఉండేది. దారెస్సలాం నుంచి నరాల డాక్టరమ్మ ఆరు నెలలకొకసారి మిషన్ ఆసుపత్రికి వస్తుంది. ఆమె రాసే బిళ్లలు వేసుకుని పక్క ఊళ్లో ముగ్గురు పిల్లలు పడిపోవడం మానేశారని, బడికి కూడా వెళ్తున్నారని విన్నాను. నాకు ఆ బిళ్లలు కావాలి. అంతకు మించి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

లారీ ఎక్కిన దగ్గర్నుంచీ వదిన మొదలుపెట్టింది.

"జ్వరంతోనే వస్తోందని చెప్తా. దెగెదెగె అని. నువ్వు నోరు మెదపకు."

"జ్వరం ఉండదు కదా వదినా?"

"అయితే? కిఫాఫా అని చాటింపు వేయిస్తావా? వచ్చే నెల మా అమ్మాయి డల్మాసియాను చూసుకోడానికి పెళ్లివారు వస్తున్నారు. మేనమామ కూతురికి మూర్ఛ అని తెలిస్తే మా గుమ్మం ఎవడు తొక్కుతాడే? నీ కూతురికి మాత్రం ఒరిగేదేముంది? కంచం వేరే పెడతారు, బడిలో పక్కన కూర్చోరు."

దెగెదెగె అంటే పసిపిల్లలకు జ్వరంతో వచ్చి పోయే వణుకు. ఎవరింట్లో వచ్చినా అయ్యో పాపం అంటారు. కిఫాఫా అంటే మూర్ఛ. ఆ మాట ఒక ఇంటి మీద పడితే ఇక పోదు. నురగ తగిలితే అంటుకుంటుందని, పడ్డ బిడ్డను కూడా ఎవరూ ముట్టుకోరు. నేను వదినకు లొంగింది డల్మాసియా పెళ్లి కోసం కాదు. నాకూ ఆ మాటంటే భయమే. ఒప్పుకుంటున్నాను.

ఆసుపత్రి వరండాలో వదిన సివేమాకు పాఠం కూడా చెప్పింది.

"డాక్టరమ్మ అడిగితే ఏమంటావే?"

"ఒళ్లు కాలిపోద్ది అత్తా."

"నా బంగారమే!" అని చేతిలో నూనెలో వేయించిన మందాజీ రొట్టె ముక్క పెట్టింది. సివేమా నూనె వేళ్లు నాకుతూ నవ్వింది.

డాక్టరమ్మ ఓపిక గల మనిషి. "పడేముందు జ్వరం ఉంటుందా?" అని అడిగింది.

"ప్రతిసారీ అమ్మా! ఒంటి మీద వేరుశనగలు వేయించుకోవచ్చు," అంది వదిన.

"తల్లివి, నువ్వు చెప్పు."

నేను తల ఊపాను. ఆమె బిడ్డ వైపు తిరిగింది. సివేమా నేర్చుకున్న మాట ముద్దుగా అప్పజెప్పింది. వేలు పొడిచి నెత్తురు చూస్తే మలేరియా ఉందన్నారు. వానల్లో మా పిల్లల్లో ఎవరి వేలు పొడిచినా అదే ఉంటుంది. "పెద్దయ్యేకొద్దీ ఇది పోతుంది. జ్వరం లేకుండా వస్తే మాత్రం నాకు చూపించండి," అని మలేరియా మందు రాసి పంపేసింది.

"చూశావా? అంత చదువుకున్నావిడే పోతుందంది!" అని వదిన దారంతా మురిసిపోయింది. తాను ఆడిన అబద్ధం డాక్టరు నోటి నుంచి వచ్చేసరికి తానే నమ్మేసింది.

డల్మాసియాను చూసుకోడానికి పదిమంది వచ్చారు. వదిన ఇంటి ముందుగదిలో నేను ఉగాలీ ముద్దలు, కోడికూర వడ్డిస్తున్నాను. వంటగదిలోంచి కాలిన వాసన వచ్చింది. పరుగెత్తాను. సివేమా మూడు రాళ్ల పొయ్యి పక్కన పడి కొట్టుకుంటోంది, కుడిచెయ్యి నిప్పుల్లో ఉంది. మా ఆడవాళ్లే ముగ్గురు గోడకు అతుక్కుని నిలబడి ఉన్నారు. అందులో ఒకతి మా వదిన.

"నురగ వస్తోందే, ముట్టుకోకు!" అని నా మీదే అరిచింది.

దెగెదెగె అని ప్రమాణం చేసినంత పని చేసిన మనిషి! నేను బిడ్డను లాగాను. వదిన వంటగది తలుపు మూసి, ముందుగదిలోకి వెళ్లి, కూర కుండ ఒలికిందని చెప్పింది. సంబంధం కుదిరింది.

మళ్లీ డాక్టరమ్మ వచ్చిన రోజు బిడ్డను తీసుకుని ఒక్కదాన్నే వెళ్లాను. మేనత్త లేకుండా వెళ్లిందని ఊళ్లో బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ.

"కిఫాఫా అమ్మా. జ్వరం లేదు. ఎప్పుడూ లేదు," అన్నాను, కూర్చోకుండానే. వరండాలో వాళ్లకు కూడా వినపడేట్టు అన్నాను.

డాక్టరమ్మ బిళ్లలు రాసింది. తర్వాత పాత కాగితం తిరగేసింది. సివేమా చెయ్యి పట్టుకుని, ఒకదానికొకటి అతుక్కుపోయిన మూడు వేళ్లనూ చాలాసేపు చూసింది.

"మరి అప్పుడు జ్వరమని నాకు ఎవరు చెప్పారు?" అంది.

నేను నోరు తెరిచేలోగా సివేమా అందుకుంది.

"నేనే చెప్పాను డాక్టరమ్మా. మా అమ్మ ఏమీ అనలేదు."