ఒరిజినల్స్ ఎవరి దగ్గర?

కడప నుంచి అరబ్బు దేశానికి వచ్చిన డ్రైవర్ ఖాదర్ మొహిద్దీన్‌కు యూనివర్సిటీల సంగతి తెలియదు గానీ, వీసాల సంగతి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అందుకే కూతురు ఆయేషా ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతానని ఊరి మనిషి చేత మూడు ప్రాస్పెక్టసులు పంపితే, మూడింటినీ మూడు కంపెనీ వీసాల్లాగే బేరీజు వేయడానికి కూర్చున్నాడు.

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది, ఎండాకాలం. అల్ అజీజియాలోని గదిలో, ఇంటర్ దాకా చదివిన తాపీమేస్త్రి హన్మాండ్లు ఇంగ్లీషును కూడబలుక్కుంటూ చదివి చెబుతున్నాడు.

"తిరుపతిల డిగ్రీల లెక్కలుంటే సాలు. విశాఖల ఎంట్రెన్సు రాయాలె. హైదరాబాదుల ఎంట్రెన్సూ రాయాలె, స్టాటిస్టిక్స్‌ల యాభై శాతమూ రావాలె."

ఆయేషా మనసు హైదరాబాదు మీదే ఉంది. తండ్రి ఊ అనడమే ఆలస్యం.

"తిండీ రూమూ వాళ్లదేనా?" అన్నాడు ఖాదర్.

"హాస్టలుంది భాయ్. పైసలు మనయే."

"ఓవర్‌టైము?"

"సదువుల ఓవర్‌టైమేంది భాయ్!" అని నవ్వి, హన్మాండ్లు పేజీ తిప్పాడు. "ఒరిజినల్ సర్టిఫికెట్లు కోర్సయ్యేదాంక వాళ్ల ఆఫీసులనే ఉంటయట. మూడిట్లా గదే రాసుంది."

ఖాదర్‌కు ఒళ్లు మండింది. మండదా మరి! యుద్ధంలో సైరన్లు మోగిన రోజుల్లో కూడా, వీళ్లను పనిలో పెట్టుకున్న కఫీల్ అందరి పాస్‌పోర్టులూ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకుని, తాను తాయిఫ్ కొండల మీద చల్లగా కూర్చున్నాడు. ఆరేళ్లుగా ఖాదర్ ఇంటికి పోతానన్నప్పుడల్లా రేపు, ఎల్లుండి అంటూనే ఉన్నాడు. ఈ ఆరేళ్లలో ఖాదర్ కూతురి ముఖమే చూడలేదు.

శుక్రవారం టెలిఫోన్ బూత్ నుంచి ఫోన్ చేసి కూతుర్ని పిలిపించాడు. "ఏ కాలేజీ వద్దు బేటీ. కాయితాలు ఇచ్చినామంటే మన జుట్టు వాళ్ల చేతికి ఇచ్చినట్టే. ఇంట్లో ఉండు."

"రెండేండ్లకు తిరిగిస్తామని వాళ్లు అచ్చేసి మరీ చెప్పినారు అబ్బాజీ," అంది ఆయేషా. "మీ కఫీల్ ఎన్నేండ్లకిస్తానన్యాడు?"

ఖాదర్‌కు సిగ్గేసింది. ఆ వెంటనే పిల్ల మీద ముద్దూ వచ్చింది. ఎమ్మెస్సీలో చేరకముందే ఇట్లా పోల్చి చూపిస్తే, చేరాక ఇంకెవరైనా దీని ముందు నిలవగలరా!

"సరే, హైదరాబాదుకే పెట్టు," అన్నాడు.

సీటొచ్చిందని కబురందిన రోజునే ప్రాస్పెక్టస్ చంకలో పెట్టుకుని కఫీల్ ముందు నిలబడ్డాడు. యాభై శాతం మార్కులు రావాలన్న వాక్యం మీద వేలుపెట్టి, తనకొచ్చిన అరబ్బీలో గంభీరంగా చదివాడు. "అడ్మిషన్ నాడు తండ్రి స్వయంగా హాజరు కావాలి. సర్కారు నిబంధన."

కఫీల్‌కూ ఇంగ్లీషు ఖాదర్‌కు వచ్చినంతే వచ్చు. పేజీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం చదువిది?" అని అడిగాడు.

"లెక్కల చదువు, షేక్," అన్నాడు ఖాదర్ ఎంతో వినయంగా. "ఎవరి కాగితాలు ఎవరి దగ్గర ఎన్నేళ్లుగా ఉన్నాయో లెక్క తీస్తారు."

కఫీల్ కాసేపు గడ్డం దువ్వుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి ఇనప్పెట్టె తెరిచాడు.