పెరుమాళ్ల కంటే ముందు

పురటాసి నెల శనివారం. సోగత్తూరులో అలమేలుమంగ ఇంట పెరుమాళ్లకు తళిగ, అంటే నైవేద్యం, వేస్తున్నారు. మగవాళ్లు నామం పెట్టిన చెంబుతో గోవిందా అంటూ వీధంతా తిరిగి బియ్యం తేవాలి. ఆ బియ్యం వండి, బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసిన దీపాన్ని పెరుమాళ్ల పటం ముందు వెలిగించాలి. వెలిగించేది అలమేలుమంగే. అంతదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే పట్టు.

ఆ పట్టంటే కోడలు చిత్రకు ఒళ్లు మంట. అత్తకు షుగరు, రోజూ ఇన్సులిన్ సూది పడాలి. ఉపవాసాలు వద్దని డాక్టరమ్మ చెప్పింది, చిత్ర చెప్పింది. అత్త అన్నిటికీ తలూపింది. తలూపడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

అత్త పెద్దకొడుకు, బావ బాలసుందరం చెంబుతో తిరిగొచ్చేసరికి అత్త గోడకు చేరగిలబడి ఉంది. జాకెట్టంతా చెమట. చేతులు వణుకుతున్నాయి.

"అత్తా, పొద్దున సూది ఏసుకుంటివా?"

"ఏసుకున్నా. డాక్టరమ్మ చెప్పింది కదా." మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఏమన్నా తింటివా?"

"తళిగ కాకుండా ఎట్ల తినేది?"

డాక్టరు మాటా తప్పలేదు, దేవుడి మాటా తప్పలేదు. ఇద్దరినీ మెప్పించబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంది ముసలామె. సూది పడ్డాక తిండి పడకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. తీపి ఇప్పుడే లోపలికి పోవాలి. కానీ అత్త జబ్బు బయటపడిన నాడే చక్కెర డబ్బాను ఇంట్లోంచి తీసేసింది తనే. ఉన్న బెల్లమంతా పిండి దీపంలోకి పోయింది. ఆ దీపం ఇంకా వెలగకుండా పటం ముందు ఉంది.

చిత్ర దాని నడిమధ్య నుంచి పిడికెడు పెళ్లగించింది.

"ఏం చేస్తా ఉండావు?" బాలసుందరం అడ్డం వచ్చాడు. "సామికి పెట్టకుండానే ఎంగిలి చేస్తావా? ఆటో పిలుస్తా, ఆస్పత్రికి పోదాం. అంతదాకా ఆగు."

"పిలవండి బావా. ఆగేది మాత్రం లేదు. దోషముంటే నాకే రానీ, జరగండి."

ఆ ఇంట్లో అతన్ని జరగమన్నవాళ్లు అంతవరకూ లేరు. జరిగాడు.

పిండిని నీళ్లలో పిసికి నోటి దగ్గర పెడితే అత్త పెదవులు బిగించింది. పాపమొస్తుంది, వద్దు అన్నట్టు తల తిప్పుకుంది.

"నువ్వు పోతే వచ్చే ఏడు దీపం ఎవరు పెట్టేది? నేనైతే పెట్టను. మింగు."

అత్త మింగింది. మళ్లీ మింగింది. కాసేపటికి చెమట ఆరి, చూపు నిలబడింది. వాకిట్లో ఆటో ఆగింది.

"ఈ దీపం ఇంక పనికిరాదు," అన్నాడు బాలసుందరం. "వేరే పిండి కలపాల."

"ఎందుకురా? నెయ్యి పోసేదానికి గుంట కావాల కదా, అది ఉండాది." అలమేలుమంగ దీపాన్ని దగ్గరికి లాక్కుని, అందరూ చూస్తుండగా ఇంకో ముద్ద తుంచి నోట్లో వేసుకుంది. "చిత్రా, నెయ్యి పొయ్యి. ఈ పొద్దు దీపం నువ్వు పెట్టు. నేను చూసి ఆటో ఎక్కుతా."

"నేను పొద్దున్నే ఇడ్లీ తినినా అత్తా."

"తింటివి కదా, చెయ్యి వణకదు. పెట్టు."