ఇంజనీరు మాటల ఫైలు

నీటి సరఫరా ఆఫీసుకి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది సిస్టమ్ అక్క. కంప్యూటర్ల బాగోగులు చూసే ఆవిడని గుమాస్తాలంతా అలాగే పిలుస్తారు. సర్వర్ గదిలో ఏసీ వేసి కుర్చీలో కూర్చునేసరికి తలుపు దగ్గర ఎవరో ఒకరు తయారు.

"అక్కా, స్టోరు తాళాలు ఎవరికిస్తానన్నానో కాస్త వెతికిపెట్టవా?"

అక్క గ్రెప్ కొడుతుంది. గ్రెప్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక మాట ఇస్తే, ఆ మాట ఉన్న వరుసలన్నీ ఫైల్లోంచి ఏరి ముందు పోస్తుంది. ఆఫీసు కంప్యూటర్లని నడిపే సిస్టమ్ ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని వాడుకోగలిగేదే, గ్రెప్ దానితో పాటే వస్తుంది. ఈ ఆఫీసులో మాత్రం నోటిమాటల్లో కూడా వెతుకుతుంది. ఇక్కడి ఉద్యోగి ఎక్కడ ఏం మాట్లాడినా, ఫోన్లో అయినా సరే, అది అతని పేరుతో ఉన్న ఫైల్లో ఒక వరుసై చేరిపోతుంది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, పనికొస్తోంది కదా. ఎవరి ఫైలు వాళ్లే మార్చుకోవాలి. వరుస తీసేస్తే ఆ మాట అననట్టే లెక్క, విన్నవాళ్లకీ గుర్తుండదు. కోపంలో భార్యని ఏదో అనేసిన గుమాస్తా, మధ్యాహ్నం ఆ వరుస తీసేసుకుని సాయంత్రం నిశ్చింతగా ఇంటికెళ్లడం మామూలే.

అక్క కడుపుమంటంతా తమ్ముడి గురించి. వాడు పంపుహౌసులో ఆపరేటరు. తన బావమరిది కొత్త భవనానికి నీళ్లెక్కడం లేదని ఆఫీసు ఇంజనీరు వాడికి ఫోన్ చేసి, పెద్ద వాల్వు పూర్తిగా తిప్పమన్నాడు. పాత పైపు పగిలింది. కింది వీధి మునిగి, ఇళ్లలో పరుపులు తేలాయి. "నేనేం చెప్పలేదు. వాడే తాగి ఏదో చేశాడు," అనేశాడు ఇంజనీరు. జన్మలో గ్లాసు ముట్టని తమ్ముణ్ణి సస్పెండ్ చేశారు. వీధిలోవాళ్లు మొహం మీదే తాగుబోతు అంటుంటే వాడు గడప దాటడం మానేశాడు. ఇంజనీరు గొంతు వినబడితే చాలు, అక్కకి పళ్లు బిగుసుకునేవి. ఆ నోరు పడిపోతే చూడాలని ఆమె కోరిక.

విచారణ రేపనగా, భోజనాల వేళ ఇంజనీరు సర్వర్ గదిలోకి వచ్చాడు. పై ఆఫీసు అధికారి అందరి ఫైళ్లలోనూ 'వాల్వు' అని వెతికిస్తాడని అతనికి తెలిసిపోయింది.

"ఏమ్మా, ఒక మాట ఉన్న వరుసలు తీసేయాలంటే ఎలా?"

"గ్రెప్‌కి మైనస్ వి తగిలించండి సార్. ఆ మాట లేని వరుసలే ఇస్తుంది."

"అది నాకొదిలెయ్. నువ్వు లే, నేనే కొడతా."

కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కో అక్షరమే కొట్టాడు. గ్రెప్, మైనస్ వి, వాల్వు, తన ఫైలు పేరు. తర్వాత ఫలితాన్ని పంపే బాణం గుర్తు. దాని పక్కన మళ్లీ అదే ఫైలు పేరు.

అక్క చూపు ఆ బాణం దగ్గరే ఆగింది. ఫలితాన్ని వేరే ఫైల్లోకి పంపాలి, తర్వాతే పేరు మార్చాలి. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆమె నెత్తిన మొట్టి మరీ చెప్పే మొదటి పాఠమిదే. అదే ఫైల్లోకి పంపితే మెషీను ముందు దాన్ని ఖాళీ చేసి, ఆ తర్వాత వెతకడానికి దిగుతుంది. ఖాళీలో ఏం దొరుకుతుంది? ఫైలంతా పోతే ఆ మనిషికి ఒక్క మాటా మిగలదు. పోనీ కాపీ ఉందా అంటే, తన మాటలకి కాపీలు తీయొద్దని ఇంజనీరే ఆర్డరు వేశాడు.

చెబితే వాల్వు మాట ఒక్కటే పోతుంది. తాగాడన్న మాట అలాగే ఉంటుంది, తమ్ముడి నెత్తిన, బతికినంతకాలం.

"ఇంతేగా?" అన్నాడు ఇంజనీరు వేలు గాల్లో ఆపి.

"అంతే సార్. కొట్టండి," అంది అక్క.

కొట్టాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని, నీళ్లు తాగి, మళ్లీ తెరిచాడు.

మర్నాడు అధికారి వెతికిస్తే ఒకే ఒక్క వరుస దొరికింది, తమ్ముడి ఫైల్లో. "సరే ఇంజనీరు సార్, పెద్ద వాల్వు పూర్తిగా తిప్పేస్తున్నా."

"దీనికేమంటారు?" అని అధికారి అడిగాడు. ఇంజనీరు చేతులాడించాడు. కాగితం ఇస్తే పెన్ను పట్టుకుని చెమటలు కక్కాడు. రాయడానికైనా ఒక మాట కావాలి కదా. ఇంతకీ ఈ కుర్రాడు తాగాడని ఎవరన్నారని అధికారి అడిగితే గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. తమ్ముడికి ఆ రోజే డ్యూటీ ఇచ్చి, ఇంజనీరుని ఇంటికి పంపేశారు.

ఇంజనీరు ఇంట్లో చిన్నపిల్ల, నాన్న తనని ఏమని పిలిచేవాడో గుర్తు రాక అందరినీ అడుగుతోందట. గుమాస్తా వచ్చి చెబితే అక్క విన్నది. పిల్ల మీద జాలేసింది. తండ్రి మీద వేయలేదు.

ఆ సాయంత్రం అక్క చెప్పిందంతా విని, తమ్ముడు కంచం ముందు కూర్చుని మెల్లగా అడిగాడు. "అక్కా, ఆ బాణం నువ్వు చూశావు కదా. ఆపుండొచ్చుగా?"

"ఆపుండొచ్చు," అంది అక్క. "తిను, చల్లారిపోతోంది."