జనార్దన నామం దగ్గర

కేశవ. నారాయణ. మాధవ. ఒక్కో నామానికి ఒక్కసారి చొప్పున కింది బాణం మీట నొక్కుతున్నాడు భీమసేనరావు. నొక్కినప్పుడల్లా తెర మీది వెలుగు పట్టీ ఒక ఫైలు వదిలి కింది ఫైలు మీదికి దిగుతుంది. దిగుతుందని ఆయనకు తెలుసు, అంతే. ఆయనకు కనపడేది నీలిమందు కలిపిన తొట్టి నీళ్లలాంటి వెలుతురు ఒక్కటే. అందులో అక్షరాలు లేవు, పట్టీ లేదు, ఏమీ లేదు.

ఆదోనిలో దేవేంద్రప్ప పత్తిమిల్లు ఆఫీసులో పాతికేళ్లు టైపు కొట్టిన మనిషి ఆయన. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. నుదుట మాధ్వులు పెట్టుకునే నల్లటి అంగారు గీత. ఎనభై ఏడులో మిల్లుకు కంప్యూటరు వచ్చినప్పుడు టైపుమిషను తీసేసి ఆయన్ను దాని ముందు కూర్చోబెట్టారు. ఫైళ్లన్నీ నీలం తెర మీద వరసగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఐదో నంబరు మీట కొడితే ఫైలుకు నకలు తయారవుతుంది. ఆరు కొడితే ఫైలు ఇంకో చోటికి జరుగుతుంది. ఎనిమిది కొట్టి ఆపైన పెద్ద మీట నొక్కితే ఆ ఫైలు ఇక ఉండదు. నేర్పడానికి వచ్చినాయన "ఎనిమిది దగ్గర మాత్రం పైలంగా ఉండండి" అని నవ్వి పోయాడు. ఆ నవ్వు తలుచుకుంటే భీమసేనరావు వేళ్లు ఇప్పటికీ ఎనిమిదికి దూరంగా జరుగుతాయి.

చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, ఈ ఉగాదికి అక్షరాలు కూడా పోయాయి. కళ్లలో నీటికాసులు, పోయిన చూపు తిరిగి రాదు, అన్నాడు కర్నూలు డాక్టరు. ఆ సంగతి భార్య కృష్ణాబాయికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే గుడ్డివాడికి టైపు పని ఎవరిస్తారు? ఎమ్మిగనూరులో అద్దె ఇల్లు, పిల్లలు లేరు, ఈ జీతం తప్ప ఇంకో దారి లేదు. అందుకే ఫైళ్ల వరసంతా సంధ్యావందనంలో చెప్పుకునే ఇరవై నాలుగు నామాల మీద బట్టీ పట్టాడు. పత్తి కొనుగోలు గోవింద దగ్గర, నూనె గింజలు వామన దగ్గర. చీటీలు గుమస్తా హనుమన్న చదువుతాడు, ఈయన వేళ్లు కొట్టుకుంటూ పోతాయి. దేవుడి పేర్లను మిల్లు పద్దులకు వాడుకుంటున్నానని రోజూ లెంపలేసుకుంటాడు, రోజూ వాడుకుంటాడు. ఏం చేస్తాడు పాపం!

ఈ రోజు శనివారం. పొద్దున్నే దేవేంద్రప్ప గుమ్మంలోంచే కేక వేశాడు.

"రావుగారూ, మిషన్లో జాగా లేదంట. పోయినేటి కూలీల ఫైలు తీసేయండి. ఈ యేటిది మాత్రం పదిలం! సాయంత్రం కూలి ఇయ్యల్ల."

పోయినేటిది జనార్దన. ఈ ఏటిది దాని కిందే, ఉపేంద్ర. పక్కపక్కనే ఉన్నాయి రెండూ. హనుమన్న పత్తి తేవడానికి ఆస్పరి పోయాడు. నకళ్లు తీసే ఫ్లాపీలు అయిపోయి నెల దాటింది. భీమసేనరావు ఇంకోసారి మొదటి నుంచి లెక్కపెట్టాడు. అచ్యుత. జనార్దన. ఆగాడు. ఎనిమిదో మీట కొట్టాడు.

మిషను కీచుమంది. నీలంలో మసక ఎరుపొకటి తేలింది. ఫలానా ఫైలు తీసేయమంటావా అని అడుగుతోందది. ఏ ఫైలో, చివర ఏ ఏటిదో రాసే ఉంటుంది, చదవగలిగినవాడికి. ఆయన వేలు పెద్ద మీట మీద ఆనింది.

"కాళ్లెత్తు సామీ," అంది ఏసమ్మ. ఆఫీసు ఊడ్చే మనిషి, యాభై దగ్గర పడిన వితంతువు. కూతురు లోపల గింజ తీసే మిషన్ల దగ్గర కూలికి పోతుంది. బల్ల కింద దూది నుసి ఊడ్చుకుంటూ, "ఈ నడుమ అందరూ ఈడ్నే కూసుంటాండారు. నిన్న మాపు సిన్నయ్య గూడా కూసున్న్యాడు. పనికిరాందొకటి తీసి పారేసినా అని సెప్పుకుంటాండె," అంది.

చిన్నయ్య అంటే దేవేంద్రప్ప తమ్ముడి కొడుకు. భీమసేనరావు వేలు మీట మీదే ఆగిపోయింది.

"ఏది తీసినాడు?"

"నాకేం తెలుస్సాది సామీ."

పైనుంచి ఒకటి పోయి ఉంటే కిందివన్నీ ఒక మెట్టు పైకి జరిగి ఉంటాయి. అప్పుడు జనార్దన దగ్గర ఉండేది పోయినేటిది కాదు. ఈ వేలు కదిలితే ఆరు రోజులు దూది మింగి పనిచేసిన ఆడవాళ్లంతా సాయంత్రం కిటికీ దగ్గర ఉత్త చేతులతో నిలబడాలి. కదలకపోతే ఎవరినైనా అడగాలి. అడిగితే తన పని అయిపోయినట్టే. అయ్యో రాఘవేంద్రా, అనుకున్నాడు. ఆనిన వేలి బరువుకే మీట పడిపోతుందేమోనని ఇంకా భయం వేసింది.

"ఏసమ్మా, నీకు అంకెలు తెలుసునా?"

"తెలీకేం? టోకెన్ నంబరు సూసుకోవల్ల గదా."

"ఆ ఎర్రదాంట్లో ఆఖర్న ఏ అంకెలుండాయో సెప్పు."

ఆమె చీపురు పట్టుకునే వంగి చూసింది. "ఎనిమిది. దాని పక్కన తొమ్మిది."

ఎనభై తొమ్మిది. ఈ ఏటిది. ఆయన పొయ్యి మీది గిన్నె తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. మూలనున్న మీట తడిమి కొట్టి ఆ ప్రశ్నను చెరిపేశాడు. ఒక మెట్టు పైకెక్కి, మళ్లీ ఎనిమిది కొట్టి, మళ్లీ అడిగాడు. ఎనిమిది, ఎనిమిది, అందామె. ఇంకోసారి చూడమన్నాడు. చూసి అదే చెప్పింది. అప్పుడు నొక్కాడు.

ఏసమ్మ చీపురు పక్కన పెట్టింది. "నీకు కనపడల్లేదా సామీ?" అంది మెల్లగా.

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"నేనెవురికీ సెప్పన్లే."

ఆ మాటకు ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నమంతా కూలి చీట్లు గరగరమంటూ అచ్చవుతుంటే ఆ మాటే పట్టుకుని కూర్చున్నాడు. ఎవరికీ తెలియదు. సోమవారం మళ్లీ రావచ్చు, వరస కొత్తగా బట్టీ పట్టుకోవచ్చు. కానీ ఆ పెద్ద మీట కిందికి సగం దిగిన ఒత్తిడి వేలికొసన అలాగే ఉంది. ఈ పూట ఏసమ్మ ఊడవడానికి వచ్చింది. రాకపోయి ఉంటే? భయం తన మీంచి ఆ కూలీల వైపు తిరిగింది. చీట్లన్నీ అయ్యాక గోడ పట్టుకుని దేవేంద్రప్ప గదికి పోయాడు.

కళ్లు కనపడవన్న సంగతి విని దేవేంద్రప్ప ముందున్న పద్దుల పుస్తకం మూశాడు. అరుస్తాడని భీమసేనరావు తల వంచుకుని ఉన్నాడు.

"ఎన్నాళ్ల నుంచప్పా?"

"ఉగాది నుంచి."

"ఉగాది నుంచి నా లెక్కలన్నీ సూడకుండానే కొట్టినావా?" ఆయన గొంతులోనూ బెదురే. "ఇంటికి పో రావుగారూ. సోమారం నుంచి రావద్దులే," అన్నాడు. కసురుకోలేదు. కసురుకుంటే బాగుండు అనిపించింది భీమసేనరావుకు. కృష్ణాబాయికి ఏం చెప్పాలి?

బయట కిటికీ దగ్గర ఆడవాళ్లు టోకెన్లు చూపించి కూలి తీసుకుంటున్నారు. వాళ్ల మాటలు వింటూ గోడ వెంబడే ఆఫీసులోకి వచ్చాడు. కుర్చీ దగ్గర రెండు క్షణాలు నిలబడి, ఎమ్మిగనూరు బస్సు కోసం గేటు దాటి పోయాడు.

కూలి తీసుకున్నాక ఏసమ్మ దీపం ఆర్పడానికి వచ్చింది. మీటల పలక మీద ఆయన కళ్లద్దాలు ఉన్నాయి. "సామీ!" అంటూ తీసుకుని గేటుదాకా పరుగెత్తింది. బస్సు వెళ్లిపోయింది. దారిలో ఒకసారి కళ్లకు పెట్టుకుని చూసింది. లోకమంతా అలికినట్టయింది. అబ్బ, ఇంత లావు అద్దాలా! వాటితో ఆయనకు ఏమీ కనపడేది కాదని, చూస్తున్నట్టు మనకు కనపడడానికే పెట్టుకునేవాడని అప్పుడు తట్టింది ఆమెకు. తిరిగొచ్చి, పైటకొంగుతో తుడిచి, ఎక్కడ ఉన్నాయో అక్కడే పెట్టింది. మిల్లులోంచి కొట్టుకొచ్చిన దూది నుసి ఆ రెండు అద్దాల మీదా పడుతూనే ఉంది.