నిలువుకాళ్ళ కొలువు

బట్టల కొట్టులో కౌంటరు వెనక ఆమె ఉద్యోగం. పొద్దున షట్టరు లేచింది మొదలు కూర్చోకూడదు. కుర్చీలు కొనేవాళ్ళకే. ఆ అంతస్తు మీద అజమాయిషీ ఆమె ఆడపడుచుది; పని ఇప్పించిందీ ఆవిడే. కాళ్ళనొప్పి అని ఇంట్లో నోరు విప్పితే, అక్క మీద చాడీలంటాడు మొగుడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పొద్దున్నే మంచం దిగి అడుగేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. ఓర్చుకోలేక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళింది. ఆయన తడికాలితో కాగితం తొక్కించాడు. మధ్యలో ఖాళీ లేకుండా పాదం మొత్తం అచ్చుపడింది.

"అరికాలికి వంపు ఉండాలమ్మా. ఒంటి బరువుకి అదే స్ప్రింగు. మీది కుంగిపోయింది. బూట్లలో ఈ మెత్తలు పెట్టుకుంటే కింద నుంచి ఎత్తిపడతాయి. రోజూ మునివేళ్ళ మీద లేచి దిగండి. అన్నిటికన్నా ముందు, మధ్యమధ్య కూర్చోండి."

"కూర్చోవడం తప్ప ఇంకేదన్నా చెప్పండి సార్," అందామె.

కొట్టులో అందరూ వాళ్ళిచ్చే చెప్పులే వేసుకోవాలి; అవి అట్టముక్కలంత పల్చన. వాటిలో మెత్త నిలవదు. మర్నాడు బూట్లతో వెళ్ళింది.

"ఇదేం వేషం? విప్పు," అంది ఆడపడుచు.

"నొప్పి వదినా..."

"నొప్పి ఎవరికి లేదు? నావాళ్ళకో రూలు, పైవాళ్ళకో రూలా?"

విప్పింది. ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి వెళితే, ఆడపడుచు గోడ పట్టుకుని కుళాయి కింద కాలు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ తడికాలు కింద పెట్టగానే పొడి బండ మీద ఆవిడ అడుగూ మధ్యలో ఖాళీ లేకుండా నిండుగా పడింది.

"మీకూనా?"

"గట్టిగా అనకు."

"ఇద్దరం కలిసి యజమానిని అడుగుదాం వదినా. ఒక్క స్టూలు చాలు."

"నువ్వడుగు. నీ వెనక నేనుంటా."

అడిగింది. యజమాని ఆమె మాట పూర్తిగా విని, ఆడపడుచు వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

"నాకైతే ఏ ఇబ్బందీ లేదండీ," అంది ఆవిడ నేల చూస్తూ.

ఆమెని కింది గోదాముకి మార్చారు. అట్టపెట్టెలకి చీటీలు అంటించే పని. అక్కడ స్టూలుంది, బూట్లకి అడ్డులేదు. కిటికీ మాత్రం లేదు. సరుకు పోతుందన్న భయంతో తలుపుకి బయట గడియ పెడతారు. పెట్టెల మధ్య మునివేళ్ళ మీద లేచి దిగుతూ ఆమె రోజులు నెట్టింది. నెమ్మదిగా మడమ నొప్పి తగ్గింది. ఆ మూసిన గదిలో ఊపిరాడనట్టుండే బాధ మాత్రం తగ్గలేదు.

ఒక సాయంత్రం ఆడపడుచు సరుకు కోసం దిగింది. ఆమె స్టూలు జరిపింది. ఆవిడ కూలబడింది. ఆమె తన బూటులోంచి మెత్త తీసి ఆవిడ పాదం కింద పెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఆ రోజు నిజం చెప్పడానికి నా నోరు పెగల్లేదే," అంది.

"తెలుసు వదినా."

పైనుంచి పిలుపు వచ్చింది. ఆవిడ మెత్త అక్కడే వదిలి, పల్చటి చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది. తర్వాత తలుపుకి బయట గడియ పడింది.